మీ ఒంటికి, మీ ఆటకు సరిపడే ఫ్రీస్టయిల్ కయాక్

ఫ్రీస్టయిల్ కయాక్ అంటే నీళ్లలో ముంచి, తిప్పి, గాల్లోకి ఎగరేసి విన్యాసాలు చేసే పొట్టి పడవ. నా మొదటిదాన్ని రంగు చూసి కొన్నాను. పసుపు మీద నారింజ చారలు. మీడియం సైజు, 230 లీటర్ల వాల్యూమ్, అంటే లోపలి ఖాళీ. అమ్మినతను "మీడియం ఎవరికైనా సరిపోతుంది" అన్నాడు, నేనూ సరేనన్నాను. తర్వాత రెండు సీజన్లు ఆ పడవ ముక్కును నీళ్లలోకి దించడానికి నేను పడని పాట్లు లేవు. చూసినవాళ్లందరూ టెక్నిక్ సరిచేసుకోమన్నారు. నేనూ లోపం నాలోనే ఉందనుకుని భుజాలు పీకేదాకా సాధన చేశాను. ఒకరోజు నాతో పాటు నదికి వచ్చే స్నేహితురాలు తన చిన్న పడవ ఇచ్చి, "ఒక్కసారి ఇందులో కూర్చుని చూడవే" అంది. అది 185 లీటర్లది. మూడో ప్రయత్నానికే ముక్కు సర్రున నీళ్లలోకి దిగిపోయింది. తోక ఆకాశం వైపు, నా పాదాలు నది అడుగు వైపు. ఒక్క క్షణం అలా నిలబడి పక్కకు పడిపోయాను. నా చేతుల్లో బలం నిన్నటిదే, నేర్చుకున్న పాఠమూ నిన్నటిదే. మారింది పడవ ఒక్కటే.

అందుకే పడవ కొనబోతున్నామని ఎవరైనా నన్ను అడిగితే రంగు, బ్రాండు, ఈ ఏడాది వచ్చిన కొత్త మోడల్ గురించి మాట్లాడేముందు ఒకటే చెబుతాను. ఫ్రీస్టయిల్‌లో మీరు పడవ కొసను ముంచగలగాలి, ఆ మునిగిన కొస తిరిగి మిమ్మల్ని పైకి విసరగలగాలి. ఈ రెండూ మీ బరువుతో, మీ కాళ్లతో, మీరు ఆడే నీళ్లలో జరగాలి.

ముందు మీ తూకం

కంపెనీవాళ్లు ప్రతి సైజుకూ ఒక బరువు పరిధి ఇస్తారు. చాలామంది అక్కడ ఒంటి బరువు వేసుకుని చూస్తారు. అలా కాకుండా హెల్మెట్, లైఫ్‌జాకెట్, స్కర్ట్ (నడుముకు తొడుక్కుని, పడవలోకి నీళ్లు రాకుండా కూర్చునే చోటిని మూసేది), నీళ్ల బూట్లు, చలికి వేసుకునే జాకెట్, అన్నీ తగిలించుకుని, వీలైతే తడిసి వచ్చాక తూకం చూసుకోండి. నా ఒంటి బరువు 56 కిలోలు. అన్నీ వేసుకుని తడిస్తే 61. ఐదు కిలోలంటే చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ రెండు మీటర్లు కూడా లేని పడవలో ఆ ఐదు కిలోలకే నీటిమట్టం మారిపోతుంది. ఇంకో సంగతి: ఇవాళ్టి బరువే లెక్క. వచ్చే ఏడాదికి పది కిలోలు తగ్గుతాననుకుని చిన్న పడవ కొన్నవాళ్లను చూశాను. వాళ్లకు ఆ ఏడాదంతా ఆట పోయింది.

ఇప్పుడు లీటర్ల సంగతి. ఒక లీటరు నీటి బరువు ఒక కిలో. నేను 61, నా పాత మీడియం పడవ సుమారు 14 కిలోలు, కలిపి 75. అంటే నేను కదలకుండా కూర్చుంటే 230 లీటర్లలో 75 మాత్రమే నీటి కింద ఉండేవి. మిగతా 155 లీటర్ల గాలి నీటి పైన. ముక్కు ముంచడమంటే ఆ గాలిలో కొంత భాగాన్ని బలవంతంగా నీటి కిందికి నెట్టడం. చిన్న పడవ 185 లీటర్లు, 13 కిలోలు. అందులో పైన మిగిలేది 111 లీటర్లే. తేడా 44 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల ఖాళీ డబ్బాలు రెండింటిని మూతలు బిగించి నీళ్లలోకి నొక్కినంత. ఎవరైనా ఒక్క డబ్బాను నొక్కి చూస్తే ఆ రెండు సీజన్లు నా భుజాలు ఎందుకు నొప్పెట్టాయో అర్థమవుతుంది.

నేను వాడే లెక్క సులువైనది. పడవ లీటర్లను మీ తడి బరువుతో భాగించండి. 3 చుట్టుపక్కల వస్తే ఎక్కువమందికి కుదిరిపోతుంది. 2.5 దగ్గరకు వస్తే ముంచడం సులువు, గాల్లోకి లేవడం కష్టం, ఉధృతమైన నీళ్లలో పడవ మీ మాట వినదు. 3.5 దాటితే నాలాగే నీటి పైన తేలుతూ తిరుగుతారు. నా పాత పడవకు 3.77 వచ్చింది, ఇప్పటిదానికి 3.03. ఇది నేను, నాతో ఆడేవాళ్లు ఏళ్ల తరబడి చూసి పట్టుకున్న అంచనా మాత్రమే. పోటీల్లో ఎత్తుకు ఎగరాలనుకునే బలమైన ఆటగాళ్లు కావాలనే కొంచెం పెద్దది తీసుకుంటారు. వాళ్ల ఒడుపు వాళ్లకు ఉంది కాబట్టి ఆ అదనపు గాలిని ముంచగలరు, అదే వాళ్లను పైకి విసురుతుంది.

లీటర్లు ఎన్ని అన్నది ఎంత ముఖ్యమో, అవి ఎక్కడ ఉన్నాయన్నదీ అంతే ముఖ్యం. రెండు పడవలూ 220 లీటర్లే కావచ్చు. ఒకదానిలో గాలంతా మీరు కూర్చునే కాక్‌పిట్ చుట్టూ పోగుపడి, కొసలు తాటాకులా పలచగా ఉంటాయి. ఇంకోదానిలో ముక్కు దగ్గర కూడా బుర్రలా ఉబ్బెత్తుగా ఉంటుంది. మొదటిది నీటిని కోసుకుంటూ దిగుతుంది. రెండోది దిగనంటుంది, దిగిందంటే మాత్రం కార్కు బిరడాలా పైకి తన్నుకొస్తుంది. కాబట్టి పడవను పక్కనుంచి చూడండి. ముక్కు చివర నుంచి ఒక జానెడు వెనక్కి వచ్చి, అక్కడ మందం ఎంతుందో అరచేత్తో కొలవండి. రెండు మూడు పడవలు అలా కొలిచాక, అంకెలు చూడకుండానే ఏది ఎలా దిగుతుందో చెప్పగలుగుతారు.

కాళ్లు, పాదాలు, నడుము

మా తమ్ముడు 84 కిలోలు, 183 సెంటీమీటర్ల పొడవు. తడి బరువు తొంభైకి దగ్గర. ఒక మోడల్‌లో మీడియం పరిధి పై అంచున పడ్డాడు. లెక్క కుదిరింది కదా అని తీసుకున్నాడు. నీళ్లలోకి దిగి పావుగంట కాకుండానే "అక్కా, పాదాలు తిమ్మిరెక్కాయి, ఒడ్డుకు పోదాం" అన్నాడు. పడవలోంచి కాళ్లు బయటికి లాగితే బొటనవేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ముక్కు దగ్గర పాదం పట్టే ఎత్తు లేదు. మడమలు లోపలికి, వేళ్లు బయటికి తిప్పి, పాదాన్ని బల్లపరుపుగా వంచి ఇరికించుకున్నాడు పాపం.

పొట్టి పడవల్లో చాలామందికి ముందుగా అడ్డొచ్చేది పాదమే. అందుకే ఈ మధ్య మోడళ్లలో డెక్ మీద, అంటే పడవ పై కప్పు మీద, సరిగ్గా పాదాలుండే చోట, రెండు బుడిపెలు పెడుతున్నారు. ఆ బుడిపెలు మీ పాదాల మీదికే వస్తున్నాయా, ముందుకో వెనక్కో పోతున్నాయా చూడండి. మందపాటి అడుగున్న బూట్లు తీసేసి పలుచని నియోప్రీన్ సాక్సు వేసుకుంటే కొంత చోటు మిగులుతుంది. కానీ ఒడ్డున రాళ్ల మీద నడవాల్సి వస్తే, పడవ వదిలి ఈదాల్సి వస్తే, అరికాలికి రక్షణ ఉండదు. సాక్సుతో మాత్రమే పట్టే పడవను నేనైతే నదికి తీసుకెళ్లను. కదలని నీళ్లలో సాధనకు పర్వాలేదు.

తొడల పొడవు ఇంకో ముడి. తొడలు పొడుగ్గా ఉంటే మోకాళ్లు కాక్‌పిట్ అంచుకు, తొడలు ఆనే బ్రేసులకు మధ్య పడి నొక్కుకుంటాయి. సీటు వెనక్కి జరిపితే మోకాళ్లు కుదురుతాయి కానీ బరువు తోక మీదికి పోతుంది, పడవ ముక్కు గాల్లో నిలబడుతుంది. ఒంటి పొడవు ఒకటే అయినా కాళ్లు పొడుగున్నవారికి, నడుము పైభాగం పొడుగున్నవారికి వేర్వేరు సైజులు సరిపోవచ్చు. పైభాగం పొడుగున్నవాళ్లు ముందుకు వంగినప్పుడు బరువు బాగా ముందుకు పడుతుంది, పడవను తేలిగ్గా తిప్పుతారు. కానీ కూర్చున్నప్పుడు ఊగిసలాట వాళ్లకే ఎక్కువ. నేను పొట్టి. సీటు కింద రెండు సెంటీమీటర్ల ఫోమ్ వేసి ఎత్తు పెంచుకున్నాను. తెడ్డు అందుబాటులోకి వచ్చింది, అంచు మీద పడవను వాల్చడం సులువైంది, నిలకడ కాస్త తగ్గింది. ఆ తగ్గుదలకు అలవాటు పడటానికి నెల పట్టింది.

నడుము దగ్గర ఖాళీ ఉంటే దిగులు పడక్కర్లేదు, హిప్ ప్యాడ్లు ఉన్నదే అందుకు. ఇరుకైతే మాత్రం ఆ పడవ వదిలేయండి. ప్లాస్టిక్‌ను వెడల్పు చేయలేం.

మీరు ఆడేది ఎక్కడ

ఇక్కడ చాలామంది తాము కలగనే నీళ్లకు పడవ కొంటారు. వీడియోల్లో పెద్ద అలల మీద గాల్లోకి లేచే ఆటగాళ్లను చూసి, వాళ్ల పడవే కావాలనుకుంటారు. మీరు ఏడాదిలో ఎన్ని రోజులు నీళ్ల మీద ఉంటారో, ఆ రోజుల్లో ఎక్కువ ఎక్కడ గడుస్తాయో ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ రోజులు గడిచే చోటికే పడవ కొనాలి.

కదలని నీళ్లలోనే ఎక్కువ సాధన చేస్తారా? చెరువు, ఈతకొలను, నదిలో మందంగా పారే మడుగులు. అక్కడ మిమ్మల్ని ముంచడానికి ప్రవాహం సాయం రాదు. ముంచేదీ మీరే, తిప్పేదీ మీరే. కొసలు పలుచనైన, మీ బరువుకు వాల్యూమ్ కాస్త తక్కువైన పడవ కావాలి. బండిచక్రంలా ముక్కు, తోక, ముక్కు, తోక అంటూ తిరిగే కార్ట్‌వీల్, ముక్కు మీద నిలువుగా నిలబడే బౌ స్టాల్, ఇవన్నీ అందులో త్వరగా వస్తాయి. ఫ్రీస్టయిల్ పునాది ఇక్కడే పడుతుందని నా గట్టి నమ్మకం. నది లేని రోజుల్లో మడుగులో చేసిన కార్ట్‌వీల్సే నన్ను తర్వాత ఉధృతిలో కాపాడాయి.

హోల్‌లో ఆడతారా? నీళ్లు రాయి మీంచో మెట్టు మీంచో దూకి, కింద వెనక్కి తిరగబడి నురగలు కక్కే చోటు హోల్. అక్కడ అందరూ కలగనేది లూప్, ముందుకు కొట్టే పిల్లిమొగ్గ. మీరు ప్రవాహానికి ఎదురుగా ఉంటారు, పడవ ముక్కును కిందికి దూకే పచ్చని నీళ్లలో గుచ్చుతారు, పడవ నిలువుగా లేస్తుంది. మీరు కాళ్ల మీద లేచి నిలబడినట్టు ఒళ్లు సాగదీస్తారు, ముక్కులోని గాలి పడవను పైకి తన్నే క్షణంలో ముందుకు ముడుచుకుని మోకాళ్ల వైపు విసురుకుంటారు. ఈ మొత్తంలో ముంచే పని ప్రవాహం చేసి పెడుతుంది, మీకు కావలసింది పైకి తన్నే బలం. అందుకే హోల్‌కి పొట్టి పడవ, కాక్‌పిట్ చుట్టూ ఎక్కువ గాలి ఉన్న పడవ. సుమారు 170 నుంచి 185 సెంటీమీటర్ల పొడవున్నవి ఇందుకే పుట్టాయి. పొట్టిగా ఉంటే తిరగాల్సిన చుట్టు చిన్నదవుతుంది. ఒక జాగ్రత్త: హోల్ కింద లోతు చాలకపోతే ముక్కు రాతికి గుద్దుకుంటుంది, ఆ దెబ్బ నేరుగా చీలమండకు తగులుతుంది. పడవ పొడవు కంటే తక్కువ లోతున్న చోట లూప్ ప్రయత్నించకండి.

అల మీద ఆడేవారి సంగతి వేరు. అలకు వేగం కావాలి. ఇంకో పది, పదిహేను సెంటీమీటర్ల పొడవు, బల్లపరుపు అడుగు, పదునైన అంచులు ఉంటే పడవ అల మీంచి జారిపోకుండా నిలబడుతుంది, వాలి కోసి తోకను గాల్లోకి విసరగలుగుతుంది. బ్లంట్ అనే విన్యాసం అదే. మరీ పొట్టి పడవతో అల అందుకోవడానికే ఆయాసం వస్తుంది.

నది పై నుంచి కింద దాకా ప్రయాణం చేస్తూ దారిలో దొరికిన చోటల్లా ఆడుకోవాలంటే విన్యాసాలకే చేసిన పొట్టి ప్లేబోట్ కాకుండా, ముందు భాగం నిండుగా, వెనక భాగం పలుచగా ఉండే హాఫ్ స్లైస్ రకం చూడండి. పొడవు రెండున్నర మీటర్ల పైన ఉంటుంది. తోకను ముంచి ముక్కు పైకి లేపే స్టెర్న్ స్క్వర్ట్ హాయిగా వస్తుంది, నీళ్లు ఉరికే రాపిడ్‌లో ముక్కు మునగదు. లూప్ ఆశ మాత్రం వదులుకోవాలి.

పడవలు ఇలా పొట్టిగా మారడం ఎక్కువ కాలం కిందటి సంగతి కాదు. కయాక్ ఆటగాడు ఎరిక్ జాక్సన్ 1993లో అమెరికాలోని ఒకోయీ నది మీద ప్రపంచ టైటిల్ గెలిచిన రోజుల్లో ఆట పడవలు రెండున్నర మీటర్ల పైనే ఉండేవి. అదే మనిషి 2007లో కెనడాలోని ఒట్టావా నది మీద మళ్లీ గెలిచేనాటికి పడవలు రెండు మీటర్ల దగ్గరికి వచ్చేశాయి. మధ్యలో 1990ల చివర్లో బల్లపరుపు అడుగున్న పడవలు వచ్చి, నీటి మీద బొంగరంలా తిరగడం అందరికీ సాధ్యమైంది. పాత పడవ ఒకటి ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఈ చరిత్ర గుర్తుపెట్టుకోండి. పొడుగాటి పాతకాలపు పడవ కార్ట్‌వీల్ నేర్పుతుంది, లూప్ నేర్పదు.

పోటీలకు వెళ్లాలనుకునేవారికి ఒక మాట. ప్రపంచ పోటీల్లో ఒక్కో రైడ్ 45 సెకన్లు. ఒకే విన్యాసాన్ని ఒకే వైపు పదిసార్లు చేసినా మార్కులు ఒక్కసారే. కాబట్టి ఒక్క విన్యాసంలో గొప్పగా ఉండి మిగతావాటికి మొరాయించే పడవ కన్నా, ఎడమకూ కుడికీ సమానంగా తిరిగే, అన్నీ ఓ మోస్తరుగా చేయనిచ్చే పడవ మేలు.

అడుగు, అంచులు

అడుగు వంపును రాకర్ అంటారు. మధ్యలో చదునుగా ఉండి కొసల దగ్గర ఒక్కసారిగా పైకి లేచేది ఒక రకం, అరటిపండులా మొదట్నుంచీ చివరిదాకా వంగి ఉండేది ఇంకో రకం. మొదటిది వేగం ఇస్తుంది, రెండోది తేలిగ్గా తిరుగుతుంది. అంచులు పదునైతే అల మీద పట్టు బాగుంటుంది. కానీ ప్రవాహం దాటేటప్పుడు నీళ్లు వచ్చే వైపు అంచు ఒక్క వేలెడు కిందికి వాలినా నీళ్లు దాన్ని పట్టి మిమ్మల్ని తిరగేస్తాయి. తిరగబడిన పడవను లోపల కూర్చునే తిరిగి నిలబెట్టుకునే ఎస్కిమో రోల్ ఇంకా పూర్తిగా పట్టుబడనివారు అంచులు కాస్త గుండ్రంగా ఉన్నది తీసుకోవాలి.

నీళ్లలో పెట్టి చూడండి

షాపులో నేల మీద కూర్చుని చూసి కొనకండి. అడగడానికి మొహమాటపడకండి, ఒక గంట నీళ్ల మీద ఇమ్మనండి. స్నేహితులది అడిగి తీసుకున్నా సరే. మీ సొంత స్కర్ట్, బూట్లు, హెల్మెట్ అన్నీ పట్టుకెళ్లండి. స్కర్ట్ ఆ కాక్‌పిట్ సైజుకు పడుతుందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

కదలని నీళ్లలో కూర్చుని తెడ్డు ఒళ్లో పెట్టుకోండి. ఒడ్డున ఉన్నవాళ్లను నీటి ఎత్తుకు వంగి, పక్కనుంచి ఒక ఫోటో తీయమనండి. ఆ ఫోటోలో మూడు చూస్తాను. ముక్కు, తోక నీటికి సమానమైన ఎత్తులో ఉన్నాయా? నడుము పక్కన పడవ పై సగం, కింది సగం కలిసే అతుకు గీత నీటికి ఒకటి రెండు వేళ్ల పైన ఉందా? డెక్ మీదికి నీళ్లు వస్తున్నాయా? గీత పూర్తిగా మునిగి, డెక్ మీద నీళ్లు ఆడుతుంటే పడవ మీకు చిన్నది. గీత అరచెయ్యంత పైకి లేచి ఉంటే పెద్దది. ముక్కు ఎక్కువ మునిగితే సీటు వెనక్కి, తోక మునిగితే ముందుకు. సీటును ఒక్క సెంటీమీటర్ జరిపినా తేడా తెలుస్తుంది. తమ్ముడి ఫోటో మొదటిసారి తీసినప్పుడు తోక పూర్తిగా నీటి కింద, ముక్కు చూపుడువేలు చూపిస్తున్నట్టు పైకి ఉంది. సీటు మూడు రంధ్రాలు ముందుకు జరిపాం, మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆ పడవ అతనిది కాదని అక్కడే తేలిపోయింది.

తర్వాత డబుల్ పంప్. పడవను ఒక అంచు మీద సగం వాల్చండి. అదే వైపు తెడ్డుతో ముందుకు ఒక దెబ్బ వేస్తే ముక్కు కొంచెం లేస్తుంది. వెంటనే అదే ఆకుతో వెనక నుంచి ముందుకు తోస్తూ, నడుముతో ముక్కును కిందికి విసరండి. మీకు ఈ విద్య రాకపోయినా నాలుగైదు సార్లు ప్రయత్నించండి. ముక్కు పూర్తిగా మునిగి, తోక మీ భుజం ఎత్తుకైనా లేస్తే పడవ మీకు లొంగుతుంది. ముక్కు నీటి పైన చప్పుడు చేసి వెనక్కి తన్నేస్తుంటే, వాల్యూమ్ మీకు ఎక్కువ. ముక్కు అవలీలగా దిగి, తిరిగి రావడానికి బద్ధకిస్తే తక్కువ.

ఎస్కిమో రోల్ రెండు వైపులా చేసి చూడండి. ఆ తర్వాత, ఎంత అనుభవం ఉన్నా సరే, పక్కన మనిషిని పెట్టుకుని తలకిందులయ్యి, స్కర్ట్ లాగి మూడుసార్లు బయటికి రండి. బిగుతైన పడవలో తొడలు, మోకాళ్లు చిక్కుకునే అవకాశం ఉంది. మూడింట్లో ఒక్కసారి కాళ్లు తట్టుకున్నా ఆ పడవ వద్దు. ఎంత బాగా ఆడనిచ్చినా వద్దు. ఇందులో నేను ఎవరితోనూ రాజీపడను.

చివరగా అరగంట ఊరికే తిరగండి. తిమ్మిరి, నడుం నొప్పి పది నిమిషాల్లో బయటపడవు.

లోపలి బిగింపు

సైజు సరైందయ్యాక సగం ఆట లోపలి అమరికలో ఉంటుంది. పాదాల ముందు ఖాళీని ఫోమ్ దిమ్మెలతో నింపాలి. దిమ్మెలు ముక్కు చివరిదాకా, పక్కలకు కూడా నిండుగా ఉండాలి. పాదం జారి దిమ్మె పక్కన ఇరుక్కుంటే బయటికి రావడం కష్టమవుతుంది. మెత్తటి, గట్టి ఫోమ్ పొరలు కలిపి వాడతాను. గట్టిది కాళ్లు తన్నడానికి ఆసరా, మెత్తటిది ముక్కు రాతికి తగిలినప్పుడు చీలమండకు దిండు. వెనక పట్టీని నడుము కింద భాగానికి ఆనేలా బిగించండి, పైకి వస్తే వంగనివ్వదు. తొడల బ్రేసులు ఆనాలి, నొక్కకూడదు. సీటు బోల్టులు మొదటి రోజు సాయంత్రం ఇంకోసారి బిగించి, సరైన చోటు కుదిరాక సీటు పట్టాల మీద మార్కర్‌తో గీత గీసుకోండి.

స్కర్ట్ కింద, తొడల మీద గాలి ఊదిన సంచో ఫోమ్ దిమ్మో పెట్టుకునేవారు ఉన్నారు. ఓవర్‌థ్రస్టర్ అంటారు. స్కర్ట్ గుంటపడి నీళ్లు నిలవకుండా చేస్తుంది, పడవ మధ్యలో గాలి పెంచి లూప్‌కు సాయపడుతుంది. కొత్తవాళ్లకు అవసరం లేదు. అది పెట్టుకుంటే బయటికి వచ్చే సాధన మళ్లీ మొదట్నుంచి చేయాలి.

తెడ్డు గురించి ఒక్క ముక్క: ఫ్రీస్టయిల్‌కు 190 నుంచి 197 సెంటీమీటర్లు చాలు. పొడుగాటి తెడ్డుతో కొత్త పడవను పరీక్షిస్తే పడవ మీద తప్పుడు అభిప్రాయం వస్తుంది.

పాతది కొంటే

మొదటి పడవ పాతదే కొనమంటాను. ఆరు నెలల్లో మీకేం కావాలో మీకే తెలుస్తుంది, అప్పుడు మార్చుకోవచ్చు. చీకటి గదిలో లోపల టార్చి పెట్టి బయట నుంచి అడుగంతా చూడండి, పలచబడిన చోట వెలుగు ఎక్కువ కనిపిస్తుంది. సీటు బోల్టుల చుట్టూ, కాక్‌పిట్ అంచు కింద జుట్టంత చీలికలు ఉన్నాయేమో గోరు పెట్టి చూడండి. ముక్కు, తోక చివర్లు రాళ్లకు అరిగి మెత్తబడ్డాయేమో బొటనవేలితో నొక్కండి. ఎండలో ఏళ్ల తరబడి పడున్న ప్లాస్టిక్ రంగు వెలిసి సుద్దలా చేతికి అంటుతుంది, అది వద్దు. అతుకు వేసిన పడవైతే ప్లాస్టిక్ ఏ రకమో అడగండి. లీనియర్ పాలిథిలీన్‌ను వెల్డ్ చేయొచ్చు, క్రాస్‌లింక్డ్ రకం వెల్డింగ్‌కు పట్టదు. కార్బన్ పడవలు తేలిక, గట్టి, గాల్లోకి లేవడంలో వాటికి సాటి లేదు. రాళ్లున్న లోతు తక్కువ నదిలో మాత్రం ఒక్క దెబ్బకు పగిలిపోవచ్చు.

రెండు సైజుల మధ్య పడితే

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పాదాలు పట్టకపోతే పెద్దదే, ఇందులో ఆలోచించేదేమీ లేదు. పాదాలు రెండింట్లోనూ పడితే, కదలని నీళ్లలో ఎక్కువ గడిపేవారు చిన్నది తీసుకోండి. లోతైన, బలమైన హోల్ దగ్గరున్నవారు పెద్దది తీసుకోండి, అక్కడ ముంచే పని నది చేసి పెడుతుంది. రోల్ ఇంకా నమ్మకంగా రానివారు కూడా పెద్దదే, ఎందుకంటే చిన్న పడవ తిరగబడినన్ని సార్లు పెద్దది తిరగబడదు. పదేపదే తిరగబడి, అలసటతో మొదటి ఏడాదే ఆట మానేసినవాళ్లను చూశాను.

తమ్ముడు చివరికి లార్జ్ తీసుకున్నాడు, 265 లీటర్లు. భాగిస్తే మూడుకు కొంచెం తక్కువే వచ్చింది. నడుము రెండు వైపులా ఒక్కో వేలు మందాన ప్యాడ్లు వేశాం, సీటు ఒక రంధ్రం ముందుకు. ఫోటోలో ముక్కు, తోక ఒకే ఎత్తులో వచ్చాయి. ఆ రోజు గంటన్నర నీళ్లలో ఉన్నాడు, పాదాల మాటే ఎత్తలేదు. ఒడ్డుకొచ్చాక పట్టాల మీద నల్ల మార్కర్‌తో గీత గీసి, పక్కన తన పేరు మొదటి అక్షరం రాసుకున్నాడు.